లేపాక్షి నవోదయలో తొమ్మిదో తరగతి విలువ

దేశదేశాల టీనేజర్లను ఒకే హాస్టల్లో ఉంచి చదివిస్తే వాళ్ల మధ్య అపోహలు తగ్గుతాయన్న నమ్మకంతో పుట్టినవే యునైటెడ్ వరల్డ్ కాలేజీలు. విద్యావేత్త కర్ట్ హాన్ ఆలోచనతో మొదటిది 1962లో వేల్స్‌లోని ఓ పాత కోటలో మొదలైంది. మన దేశంలో 1997 నుంచి పుణె దగ్గర మహీంద్రా కాలేజీ నడుస్తోంది. హిందూపురం, మడకశిర, పెనుకొండ పిల్లలకు ఆ పేర్లు దూరంగా అనిపించవచ్చు. కానీ అదే సూత్రంతో పనిచేసే బడి లేపాక్షిలోనే ఉంది. 1986 జాతీయ విద్యావిధానంతో విస్తరించిన జవహర్ నవోదయ విద్యాలయాల్లో అదొకటి. ఐదో తరగతిలో ఉండగా రాసే ప్రవేశ పరీక్షతో ఆరులో సీటు వస్తుంది. సీట్లలో కనీసం 75 శాతం పల్లెల పిల్లలవే. చదువు, భోజనం, వసతి ఉచితం. తొమ్మిది నుంచి కొందరు నెలనెలా కొద్దిపాటి వికాస్ నిధి కట్టాలి. బాలికలకు, ఎస్సీ, ఎస్టీలకు, దారిద్ర్యరేఖ దిగువ కుటుంబాలకు అదీ లేదు.

నవోదయ అంటే ఉచిత హాస్టల్ అనుకుని ఆగిపోతే దాని అసలు విలువ తెలియదు. తొమ్మిదో తరగతిలో 30 శాతం దాకా పిల్లల్ని ఏడాదిపాటు హిందీ ప్రాంతపు నవోదయకు పంపి, అక్కడివారిని ఇక్కడికి తెచ్చే పద్ధతి ఉంది. భిన్న వర్గాలు సమాన హోదాతో, ఒకే లక్ష్యంతో, పెద్దల అండతో కలిసి పనిచేస్తే దురభిప్రాయాలు తగ్గుతాయని మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో చెప్పాడు. 515 అధ్యయనాలను కలిపి పరిశీలించిన పరిశోధకులు పెటిగ్రూ, ట్రాప్ 2006లో ఆ మాటను మొత్తం మీద సమర్థించారు. ఒకే మెస్, ఒకే యూనిఫాం, ఒకే సిలబస్ ఉన్న చోట ఆ షరతులు చాలావరకు వాటంతటవే నెరవేరతాయి. ఏడాదికోసారి జరిపే సాంస్కృతిక దినోత్సవాలకు ఆ బలం లేదు. పరాయి ప్రాంతంలో గడిపిన ఆ ఏడాది ఉద్యోగంలోనూ పనికొస్తుంది. బ్యాంకు ఆఫీసరుకైనా, సివిల్ సర్వీసుల అధికారికైనా పోస్టింగ్ సొంత రాష్ట్రంలోనే రావాలని లేదు కదా.

తొమ్మిదిలో ఊరు మారితే చదువు దెబ్బతింటుందని తల్లిదండ్రుల భయం. అందులో కొంత నిజముంది. మొదటి నెలల్లో భాష, తిండి ఇబ్బందే. అయితే అన్ని నవోదయల్లోనూ సీబీఎస్ఈ పాఠాలే, బోర్డు పరీక్ష పదిలోనే. అప్పటికి పిల్లలు తిరిగి వచ్చేస్తారు. కన్నడం వినబడే సరిహద్దులో పెరిగినవాళ్లకు ఇంకో భాష మరీ కొత్త కష్టమూ కాదు. హిందీని రుద్దడమేనన్న విమర్శను మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేం. తమిళనాడులో నవోదయలు లేకపోవడం వెనుక ఉన్నది ఆ అభ్యంతరమే. మార్పిడి రెండువైపులా జరగడం, అక్కడి పిల్లలూ ఇక్కడికొచ్చి మన భాష మధ్య బతకడం దానికి కొంత జవాబు.

పది తర్వాత అంతర్జాతీయ బాట పట్టాలనుకునేవారికి యునైటెడ్ వరల్డ్ కాలేజీల రెండేళ్ల ఇంటర్నేషనల్ బాకలారియేట్ (ఐబీ) డిప్లొమా ఉంది. జాతీయ కమిటీ ఎంపికలో మార్కులతో పాటు ఆలోచన, స్వభావం, ఇతరులతో మెలిగే తీరు చూస్తారు. ఫీజు చాలా ఎక్కువ. కుటుంబ స్థోమతను బట్టి స్కాలర్‌షిప్పులు ఇస్తారు గానీ, అందరికీ పూర్తిగా రావు. అందుకే సాయం ఎంతో తేలాకే సీటుకు ఒప్పుకోవాలి. విదేశాల్లో డిగ్రీ, సామాజిక శాస్త్రాలు, అభివృద్ధి రంగం, జర్నలిజం వైపు మనసున్నవారికి ఇది మంచి దారి. జేఈఈ, నీట్ ర్యాంకే లక్ష్యమైతే మాత్రం ఇటు రావద్దు. ఐబీ ప్రాజెక్టులు, వ్యాసాల మధ్య ఆ కోచింగ్‌కు సమయం చిక్కదు.