కడుపులో పుండు: నేరం కారానిదా, క్రిమిదా?

"కారం, పులుపు మానేశాను డాక్టరు గారూ, అయినా మంట తగ్గడం లేదు." కడుపు నొప్పితో వచ్చేవారు తరచుగా అనే మాట ఇది. గుంటూరు మిరపకాయకు దగ్గరలో ఉన్నవాళ్ళం కనుక నింద ముందు దానిమీదే వేస్తాం. కారం మంటను పెంచవచ్చు గాని పుండుకు అసలు కారణం అది కాదు. ముఖ్య కారణాలు రెండు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. రెండవది ఒళ్ళు నొప్పులకు వాడే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటి మాత్రలు.

క్రిమి సంగతి ఎలా తెలిసింది?

ఒకప్పుడు పుండు ముదిరితే ఆపరేషనే దిక్కు. 1920ల నుండి కన్యాకుమారి దగ్గర నెయ్యూరు మిషన్ ఆసుపత్రిలో డాక్టర్ హోవార్డ్ సోమర్వెల్ ఇటువంటి ఆపరేషన్లు ఎన్నో చేశారు. కడుపులోని ఆమ్లంలో ఏ క్రిమీ బ్రతకదని అప్పటి నమ్మకం. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే వైద్యులు దాన్ని తప్పని చూపారు. 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రవాన్ని తానే త్రాగి, కడుపు వాపు తెచ్చుకున్నారు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించింది. ఈ క్రిమి తన చుట్టూ అమ్మోనియా తయారు చేసుకొని ఆమ్లాన్ని విరిచి బ్రతుకుతుంది.

ఇది ఎక్కువగా చిన్నతనంలోనే, ఇంట్లోవారి నుండి సోకుతుంది. చాలామందికి ఏ బాధా ఉండదు. కొందరికి పుండు పడుతుంది. కొద్దిమందిలో ఏళ్ళ తరబడి ఉండి కడుపు క్యాన్సరుకు దారితీయవచ్చు.

పరీక్ష, చికిత్స

శ్వాస పరీక్ష, మల పరీక్ష లేదా ఎండోస్కోపీ ద్వారా దీన్ని కనుగొంటారు. ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు వాడుతుంటే క్రిమి ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు. కనుక పరీక్షకు రెండు వారాల ముందు ఎలా ఆపాలో డాక్టరును అడగండి.

చికిత్స సాధారణంగా 14 రోజులు. ఆమ్లం తగ్గించే మందుతో పాటు రెండు యాంటీబయాటిక్స్, కొందరికి బిస్మత్ కూడా ఇస్తారు. నోరు చేదుగా ఉండవచ్చు, బిస్మత్ వలన మలం నల్లబడవచ్చు. మెట్రోనిడజోల్ వాడేవారు మద్యం ముట్టరాదు.

నాలుగు రోజులకే నొప్పి తగ్గిందని మందులు ఆపవద్దు. మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి, మరుసటిసారి చికిత్స కష్టమవుతుంది. మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్స్ కొనడం వలన కూడా ఇదే నష్టం. కోర్సు ముగిసిన నాలుగు వారాల తరువాత క్రిమి పోయిందో లేదో మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి.

వెంటనే ఆసుపత్రికి రావలసిన లక్షణాలు

• రక్తపు వాంతి లేదా కాఫీపొడి రంగు వాంతి
• తారులా నల్లగా, జిగటగా విరేచనం
• కళ్ళు తిరిగి పడిపోవడం
• ఉన్నట్టుండి భరించలేని కడుపు నొప్పి

కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మింగడం కష్టమైనా ఆలస్యం చేయవద్దు.

గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడేవారు ఇది చదివి తమంతట తాము మానుకోవద్దు, డాక్టరును అడగండి. మరుగుదొడ్డికి వెళ్ళివచ్చాక, అన్నం ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. కాచి చల్లార్చిన నీరు త్రాగండి.

ఏళ్ళ తరబడి గ్యాస్ మాత్రలతో నెట్టుకొస్తున్నవారు మీ ఇంట్లో ఉంటే, ఈ పేజీ వారికి చదివి వినిపించండి. ఒకప్పుడు కత్తి పెట్టవలసిన జబ్బు ఇప్పుడు రెండు వారాల మందులతో నయమవుతుంది. అయితే ఆ రెండు వారాలూ పూర్తిగా వాడాలి.