హంద్రీ నదికి మన సదఖా



నీటి కోసం మన సంఘానికి అందే సొమ్ములో ఎక్కువ భాగం బోర్లకే వస్తుంది. తల్లి పేరున ఒకరు, తండ్రి పేరున ఒకరు ఈసాలె సవాబ్ కోసం బోరు వేయించమంటారు. వేయిస్తాము, దుఆ చేస్తాము, రాయి మీద పేరు చెక్కిస్తాము. మూడో వేసవికే ఆ బోరు ఎండిపోవడం మేము చూశాము. రాయి మీద పేరుంది, పంపులో నీళ్లు లేవు. సదఖా జారియా అంటే సాగుతూ ఉండే దానం కదా, ఆగిపోయిన దాన్ని ఏమనాలి? హంద్రీ నది గురించి ఆలోచించడం అక్కడే మొదలైంది.

హంద్రీ మద్దికెర పొలాల్లో పుట్టి, మన పక్కనున్న గోనెగండ్ల మండలంలో గాజులదిన్నె ప్రాజెక్టుకు నీరిచ్చి, కర్నూలు వద్ద తుంగభద్రలో కలుస్తుంది. వానలకు పారుతుంది, వాన నిలిచాక ఇసుకే మిగులుతుంది. ఆ తరువాత కూడా నదిలో కొన్నాళ్లు నీరు కదలాలంటే నేలలో ఇంకిన నీరు ఊటగా వంకల్లోకి రావాలి. ఆ ఊటను మనం బోర్లతో ముందే తోడేస్తున్నాము. కుంటలు పూడాయి, వాటికి నీరు తెచ్చే కాలువల్లో కంపచెట్లు పెరిగాయి. బడిలో దీన్ని రావి ఆకు చూపించి చెబుతాము. సన్న ఈనెలు మన ఊళ్ల వంకలు, నడిమి ఈనె నది. సన్న ఈనెలు ఎండితే నడిమి ఈనెకు నీళ్లు పోసి లాభం లేదు.

ఇది జనం చేయగల పనేనా అని కొందరు పెద్దలు అడిగారు. మన కర్నూలుతో సహా 7 జిల్లాల్లో, 600కు పైగా ఊళ్లలో, 2003 తరువాత కొన్నేళ్లు రైతులే భూగర్భజలాన్ని లెక్కగట్టుకున్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పడింది. చదువు పెద్దగా లేని ఆడవాళ్లు, మగవాళ్లు కూడా వాన ఎంత పడిందో, బావిలో నీరు ఎంత లోతున ఉందో కొలిచి అందరికీ కనబడేలా గోడ మీద రాశారు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీటికి ఏ పైరు తగునో లెక్క చూసుకున్నారు. జరిమానా లేదు, బలవంతం లేదు. చాలా ఊళ్లలో బోరు కింద వరి తగ్గింది. పంజాబులో 160 కిలోమీటర్ల కాలీ బేయీ నదిని సిక్కు సోదరులు 2000 నుంచి కరసేవతో బాగుచేశారు. సంత్ సీచేవాల్ ముందు నిలబడి గుర్రపుడెక్కను జనం చేత పీకించారు. అబ్దుల్ కలాం గారు రాష్ట్రపతిగా ఉండగా 2006లో వెళ్లి చూసివచ్చారు. గురుద్వారాలకు సాధ్యమైనది మస్జిదులకు ఎందుకు సాధ్యం కాదు?

హజ్రత్ ఉస్మాన్ (రజి) రూమా బావిని కొని అందరికీ వదిలేసిన సంగతి మనకు తెలుసు. అయితే ఆ బావిలో నీరుంది. మన దగ్గర ఆ నీటినే ముందు నేలలోకి పంపాలి.

నీరు లేకపోతే ఏమవుతుందో మా హాజరుపట్టీ చెబుతుంది. సంక్రాంతి దాటాక గుంటూరు వైపు మిరప కోతలకు కుటుంబాలు కదులుతాయి, బల్లలు ఖాళీ అవుతాయి. తిరిగి వచ్చిన పిల్లల్లో కొందరు మళ్లీ బడి గడప తొక్కరు. వారిలో మన పిల్లలూ ఉన్నారు. మీరిచ్చే స్కాలర్‌షిప్పు వారిదాకా చేరదు.

అందుకే ఒక కోరిక. బోరుకు ఇచ్చే సొమ్ములో సగం ఆ ఊరి కుంట పూడికతీతకు ఇవ్వండి. పంచాయతీ అనుమతి మేము తెస్తాము. తవ్వే యంత్రం అద్దె సంఘానిది, మట్టిని ట్రాక్టర్లలో పొలానికి తోలుకునే ఖర్చు రైతుది. జకాత్ సంగతి వేరు, దానికి నిర్ణీత హక్కుదారులున్నారు. మేమడిగేది సదఖా సొమ్ము. మస్జిదుల్లో వుజూ నీటిని మురుగుకాలువలో కలపకుండా చెట్లకు మళ్లించమని ముతవల్లీలను కోరుతున్నాము. మన నల్లరేగడిలో ఇంకుడుగుంత కన్నా అదే మేలు.

ఇకమీదట బోరు కోసం వచ్చే దాతకు ముందు ఆ ఊరి బావి లోతు కొలిచిన కాగితం చూపిస్తాము. కొలిచే పని మా తొమ్మిదో తరగతి పిల్లలది.