పత్రిపూజ, ఔషధసేవ

వినాయక చవితి సమీపించిన కొలదీ భక్తులు నన్ను తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది. “అయ్యగారూ, 21 పత్రులూ ఔషధములే కదా! ఏది నూరి త్రాగితే ఏ రోగం పోతుంది?” అడిగేవారి విశ్వాసం మంచిదే. కాని ఆ పత్రులలో దత్తూర, కరవీర, అర్క పత్రములు కూడ ఉన్నవి. అనగా ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు. మూడూ విషధర్మం గల మొక్కలు. వైద్యులు వీటిని శుద్ధి చేసి, మాత్ర నిర్ణయించి వాడతారు. 1945 నాటి ఔషధ నియమావళికి చేర్చిన విషద్రవ్యాల పట్టికలో ఈ మూడు పేర్లూ సంస్కృతంలోనే కనబడతాయి. ప్రసాదం వేరు, పత్రి వేరు. స్వామికి అర్పించిన ప్రతి ఆకునూ మనం భుజించవలెనన్న విధి ఎక్కడా లేదు.

మా ఖిలా వరంగల్‌లో వానలు పడగానే మట్టికోట కట్టల వెంట, అగడ్త గట్టున ఎన్నో మొక్కలు మొలుస్తాయి. చవితినాడు తుమ్మికూర వండుకొనడం మన తెలంగాణ ఆచారం. అది పెద్దలు తరతరాలుగా ఎరిగిన ఆహారం గనుక చింత లేదు. మందు సంగతి అట్లా కాదు. నేల ఉసిరి అనే పేరుతోనే ఒకదానినొకటి పోలిన పలు మొక్కలు జనం పెరుకుతారు. తిప్పతీగను పోలిన మరొక తీగను వాడరాదని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2022లో హెచ్చరించవలసి వచ్చింది.

నేను వైద్యుడను కాను. చరకసంహితను పాఠశాలలో భాష కొరకు చదివినవాడను. అయినను సూత్రస్థానం మొదటి అధ్యాయంలోని ఒక విషయం నాటినుండీ మనస్సులో నిలిచిపోయింది. మేకలకాపరులు, గొర్రెలకాపరులు, వనవాసులు ఓషధులను పేరుతో, రూపంతో గుర్తుపడతారట. అంతమాత్రాన ఔషధం తెలిసినట్లు కాదట. దేశకాలాలను, రోగి ప్రకృతిని పరిశీలించి ప్రయోగించగలవాడే వైద్యుడు. తెలియని మందును మహర్షి విషంతో, శస్త్రంతో, అగ్నితో, పిడుగుతో పోల్చాడు.

చికిత్సకు నాలుగు పాదాలు: వైద్యుడు, ద్రవ్యం, పరిచారకుడు, రోగి. వైద్యునికి శాస్త్రజ్ఞానం, పలుమార్లు చూచిన అనుభవం, నేర్పు, శుచి ఉండాలి. రోగికి చెప్పిన గుణాలలో ‘జ్ఞాపకత్వం’ ఒకటి. అనగా తన బాధను దాచక వైద్యునికి ఎరుకపరచగలగడం. ఈ కాలానికి ఇది మరీ ముఖ్యం. మధుమేహానికి, రక్తపోటుకు, రక్తం పలుచబడుటకు ఇంగ్లీషు మందులు వాడేవారు ఆ సంగతి ఆయుర్వేద వైద్యునికి, కషాయం సంగతి అక్కడి డాక్టరుకు చెప్పాలి. గర్భిణులు, శస్త్రచికిత్సకు సిద్ధమయ్యేవారు సరేసరి. మా వీధిలో ఒక పెద్దాయన సంచార మూలికల వ్యాపారి మాట విని చక్కెర మాత్రలు మానివేశాడు. రెండు నెలలకు కాలి పుండు ముదిరి ఆసుపత్రిలో చేర్చారు. ఆయన తిన్న పొడిలో ఏమున్నదని డాక్టరు అడిగితే చెప్పగలవారు ఒక్కరూ లేకపోయారు.

కాకతీయుల కాలంలో ఆలయధర్మమూ వైద్యమూ కలిసే నడిచాయి. రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం (1261) విశ్వేశ్వర శివాచార్యుల మఠానికి అనుబంధంగా ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను పేర్కొంటుంది. వైద్యుని జీవనానికీ అందులో ఏర్పాటున్నది. గుడి పక్కన ఓషధులు నాటి, ఎవరికి తోచినది వారు కోసుకొని పొమ్మనలేదు!

మనకు వైద్యుని వెదకడం కష్టమేమీ కాదు. వరంగల్‌లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉన్నది. బి.ఏ.ఎం.ఎస్. చదువు, శిక్షణ కలిపి ఐదున్నర సంవత్సరాలు. పట్టా, వైద్యునిగా నమోదు సంఖ్య అడిగితే నిజమైన వైద్యుడు నొచ్చుకోడు. కొన్న మందు సీసాపై తయారీ లైసెన్సు సంఖ్య, ద్రవ్యాల పేర్లు, గడువు తేదీ చూడండి. పాము కరచినా, గుండెలో నొప్పి వచ్చినా ఏ ఆకు పసరు కోసమూ ఆగక నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి.

ఆలయ నందనవనాలకు మొక్కలు సమర్పించే దాతలకు ఒక విన్నపం. గన్నేరు, ఉమ్మెత్త నాటించినచోట, వాటి పేర్లతోపాటు ‘విషం, తినరాదు’ అని పిల్లల కంటికి అందే ఎత్తులో ఒక పలక కూడ పెట్టించండి.