లోహపు పని శిక్షణ: ఖర్చెంత, రాబడి యెంత?

పదవ తరగతి ఫలితములు వెలువడిన పిమ్మట ప్రతి యేటా గ్రామములలో ఒక ప్రశ్న బయలుదేరును. పిల్లవానిని ఐ.టి.ఐ.లో ఫిట్టరు శిక్షణకు పంపవలెనా, లేక వెంటనే ఏదైన పనిలో పెట్టవలెనా? ఇట్టి సమయమున తల్లిదండ్రులు సాధారణముగా ఫీజు ఎంత అని మాత్రమే విచారింతురు. ప్రభుత్వ సంస్థలో చేరువానికి ఈ లెక్కలో ఫీజు మిక్కిలి చిన్న అంకె. పెద్ద ఖర్చు వేరొక చోట నున్నది.

మన దేశమున చేతిపనుల శిక్షణ పథకము 1950లో ప్రారంభమైనది. లోహపు పనులలో ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు శిక్షణలు రెండేండ్లు, వెల్డరు శిక్షణ ఒక్క యేడు జరుగును. ఫిట్టరు శిక్షణకు పదవ తరగతి ఉత్తీర్ణత కావలెను. వెల్డరుకు ఎనిమిదవ తరగతి చాలును. చివర అఖిల భారత స్థాయి పరీక్షలో ఉత్తీర్ణుడైన వానికి జాతీయ వృత్తి ధ్రువపత్రము లభించును. ఇది దేశమున ఏ రాష్ట్రమునందైనను చెల్లును.

ఇక లెక్కకు వత్తము. మన ప్రాంతమున సహాయకుని రోజు కూలి 500 రూపాయలనియు, నెలకు 20 దినములు పని దొరకుననియు అనుకొందము. అనగా నెలకు 10,000. రెండేండ్లు శిక్షణలో నున్న వాడు వదలుకొను కూలి 2,40,000 రూపాయలు. బస్సు, దుస్తులు, పనిముట్లు, పుస్తకములకు నెలకు వెయ్యి చొప్పున 24,000. ఆ పిమ్మట ఒక యేడు అప్రెంటిస్‌గా 7,000 స్టైపెండుతో పని చేసినచో, కూలితో పోల్చగా నెలకు 3,000 తక్కువ, ఏడాదికి 36,000. మొత్తము సరిగా 3,00,000 రూపాయలు. ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. పాఠకులు తమ ఊరి కూలి రేటు వేసికొని తిరిగి కట్టుకొనవలెను.

ఇచ్చట ఒక సవరణ చెప్పవలెను. పదునారేండ్ల బాలునికి పెద్దవాని కూలిని నష్టముగా వేయుట న్యాయము కాదు. ఆ వయసున వానిని బరువు పనులలో పెట్టుటయే తగదు. కనుక వాని విషయమున నష్టము పై లెక్క కంటె చాల తక్కువ. భార్యాబిడ్డలు గల ఇరువదియైదేండ్ల యువకునికి మాత్రము ఆ మూడు లక్షలు అక్షరాల నిజము.

ఈ మొత్తము ఎన్నాళ్లకు తిరిగి వచ్చును? శిక్షణ ముగించిన ఫిట్టరుకు నెలకు 15,000 వచ్చినచో, సహాయకుని కంటె 5,000 ఎక్కువ. మూడు లక్షలు పూడుటకు 60 నెలలు, అనగా అయిదేండ్లు. 18,000 వచ్చినచో 38 నెలలు చాలును. 12,000 మాత్రమే వచ్చినచో పన్నెండున్నర యేండ్లు! ఒకే ధ్రువపత్రము, ఒకే ఖర్చు, ఫలితములో ఇంత అంతరము. వెల్డరు శిక్షణకు ఒక్క యేడే గనుక, పై లెక్క ప్రకారమే ఖర్చు 1,68,000. నెలకు 5,000 అధికము వచ్చినచో 34 నెలలలో పూడును. త్వరగా సంపాదనలో పడవలసిన కుటుంబమునకు వెల్డింగు అనుకూలము. అయితే కంటికి, ఊపిరికి దాని వలన కలుగు శ్రమ అధికము. నల్లద్దపు ముసుగు లేకుండ ఆర్కు వైపు చూచిన వానికి రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లుండును. ముసుగు, చేతి తొడుగులు, మంచి జోళ్ల వెల కూడ ఖర్చులో వ్రాసికొనవలెను.

జీతములో పై అంతరమునకు ముఖ్య కారణము చేతి పనితనము. యజమాని ధ్రువపత్రము చూచి లోనికి పిలుచును. ఆకురాయి చేతికిచ్చి జీతము నిర్ణయించును. వెర్నియరు కాలిపరుతో మిల్లీమీటరులో ఏబదవ వంతు వరకు కొలువగలవానికి, నకాసును చూచి భాగమును తయారు చేయగలవానికి ఒక ధర. మరమేకులు బిగించుట మాత్రమే తెలిసిన వానికి వేరొక ధర. కావున చేరుటకు ముందే తండ్రియు కొడుకును స్వయముగా పోయి ఆ సంస్థ వర్క్‌షాపును చూడవలెను. లేతులు ఎన్ని, వానిలో నడచుచున్నవి ఎన్ని, ఒక్కొక్క యంత్రమునకు విద్యార్థులు ఎందరు, వెల్డింగు విద్యార్థికి రోజుకు ఎన్ని కడ్డీలు ఇత్తురు అని మొగమాటము లేకుండ అడుగవలెను. ఇనుప రజను కనపడని వర్క్‌షాపును నమ్మరాదు. ఇప్పుడు చదువుచున్న పిల్లలను బయట పలుకరించినచో నిజము తెలియును.

ప్రైవేటు సంస్థ విషయమున మరింత జాగ్రత్త అవసరము. ఏడాదికి 40,000 చొప్పున రెండేండ్లకు 80,000 ఫీజు అనుకొందము. దానిని నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో నెలకు 1,600 వడ్డీ. పైన చెప్పిన 5,000 అధిక రాబడిలో మూడవ వంతు వడ్డీకే పోవును. ఆ సంస్థకు, ఆ ప్రత్యేక శిక్షణకు గుర్తింపు ఉన్నదో లేదో ముందుగా జిల్లాలోని ప్రభుత్వ ఐ.టి.ఐ.లో విచారించుట మంచిది.

అప్రెంటిస్ సంగతి వేరుగా చెప్పవలసియున్నది. 1961 అప్రెంటిస్‌ల చట్టము క్రింద కర్మాగారములు శిక్షణార్థులను తీసికొనును. 2019లో సవరించిన నియమములు ఐ.టి.ఐ. ధ్రువపత్రము గలవారికి కనీస స్టైపెండును నెలకు 7,000గా నిర్ణయించినవి. కూలి కంటె తక్కువని పెక్కు కుటుంబములు ఈ యేటిని వదలుకొనుచున్నవి. నా అభిప్రాయమున ఇది పొరపాటు. పై లెక్కలో ఆ యేటి నష్టము 36,000 మాత్రమే. కర్మాగారపు క్రమశిక్షణ, పెద్ద యంత్రముల పరిచయము, రెండవ ధ్రువపత్రము ఆ ధరకు చౌక. రైల్వే సంస్థలలో అప్రెంటిస్ ముగించినవారికి రైల్వే లెవెల్-1 నియామకములలో 20 శాతము స్థానములు ప్రత్యేకించిరి. అయినను సర్కారు ఉద్యోగమును లెక్కలో ముందే వ్రాసికొనరాదు. పోటీ బహు తీవ్రము. వచ్చినచో అదృష్టము.

గల్ఫు దేశములకు పోదలచిన వెల్డరు ఒక చిన్న విషయము గుర్తుంచుకొనవలెను. పదవ తరగతి ఉత్తీర్ణుడు కాని కార్మికుని పాస్‌పోర్టుకు సాధారణముగా వలస అనుమతి షరతు వర్తించును. ఎనిమిదవ తరగతితో శిక్షణలో చేరిన వాడు, వీలయినచో సార్వత్రిక విద్యాపీఠము ద్వారా పదవ తరగతి కూడ ముగించుట మేలు.

ఇప్పటికే గేట్లు, కిటికీల దుకాణములో పది యేండ్లుగా పని చేయుచున్న వానికి రెండేండ్ల కూలి వదలుకొనుట అనవసరము. అనుభవము గల పనివారు ప్రైవేటు అభ్యర్థులుగా వృత్తి పరీక్షకు హాజరగుటకు నియమములు అవకాశమిచ్చుచున్నవి. కొలిమి గల కమ్మరికి మరియొక మార్గము కలదు. 2023 సెప్టెంబరులో ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున నమోదైన కమ్మరికి కొలది దినముల శిక్షణ, ఆ దినములకు రోజుకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయల సహాయము, అయిదు శాతము వడ్డీపై మొదట లక్ష వరకు ఋణము ఏర్పాటు చేయబడినవి. నమోదు గ్రామములోని సామాన్య సేవా కేంద్రమున జరుగును. ఆధార్, బ్యాంకు ఖాతా వివరములు వెంట తీసికొని పోవలెను.