స్వేదన పరికరం: వాడటం ఒక పాఠం, కడగటం మరో పాఠం

హైస్కూలు సైన్సులో స్వేదనం చిన్న పాఠం. నీటిని మరిగించాలి, ఆవిరిని చల్లార్చాలి, దిగిన చుక్కలను పట్టాలి. పిల్లలు బొమ్మ గీసి, భాగాలు గుర్తించి మార్కులు తెచ్చుకుంటారు. వాడిన తరువాత ఆ పరికరాన్ని ఎలా కడగాలి, ఎలా దాచాలి అన్నది మాత్రం పరీక్షలో రాదు. ఫిషింగ్ హార్బర్ పరిసరాల పిల్లలకు చదువు చెప్పే మేము ఆ మిగిలిన పాఠాన్ని ఇక్కడ చెప్పదలచాము. పిల్లలతోపాటు తల్లిదండ్రులూ చదవాలని మా కోరిక.

మనకు ఇది ఎందుకు?

వేటకు వెళ్లిన మరబోటులో ఇంజను స్టార్టు కావాలన్నా, రాత్రి దీపాలు వెలగాలన్నా, వైర్‌లెస్ సెట్టు, జీపీఎస్ పనిచేయాలన్నా బ్యాటరీయే ఆధారం. మూతలు తీసి నీరు పోసే రకం లెడ్ యాసిడ్ బ్యాటరీలో, ఛార్జింగు సమయంలో నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోయి తగ్గిపోతుంది. ఆ లోటును స్వేదన జలంతోనే పూడ్చాలి. కుళాయి నీరో, బోరు నీరో పోస్తే అందులోని క్లోరైడు, ఇనుము లోపలి పలకలను దెబ్బతీస్తాయి, బ్యాటరీ వాడకపోయినా ఛార్జి దిగిపోతుంది. ఒడ్డున బ్యాటరీ పాడైతే మెకానిక్కు దొరుకుతాడు. నడిసముద్రంలో పాడైతే పడవలో ఉన్నవారి ప్రాణాలకే ముప్పు. డబ్బాలోని నీరు నిజంగా శుద్ధమైనదేనా అన్న ప్రశ్నకు అంత బరువు ఉంది.

మురికి ఎక్కడికి పోతుంది?

స్వేదం అంటే చెమట. ఇడ్లీ పాత్ర మూతకు లోపల పట్టే నీటి బిందువులే స్వేదనానికి మనమెరిగిన ఉదాహరణ. ఈ విద్యను ప్రయోగశాలలో స్థిరపరచిన వారిలో 8వ శతాబ్దపు జాబిర్ ఇబ్న్ హయ్యాన్‌ను ముందుగా చెబుతారు. 9వ శతాబ్దంలో అల్ కింది అత్తర్ల స్వేదనం మీద గ్రంథమే రాశాడు. బట్టీ పాత్రకు ఇంగ్లిషువారు వాడే అలెంబిక్ అన్న మాట అరబ్బీ ‘అల్ అంబీఖ్’ నుంచి వచ్చింది.

ఇక్కడ పిల్లలు తరచు పొరబడే విషయం ఒకటుంది. స్వేదనం మురికిని నాశనం చేయదు, వేరు చేస్తుంది. సముద్రపు నీటిలో లీటరుకు సగటున 35 గ్రాముల లవణాలుంటాయి. 10 లీటర్లు ఆవిరి చేస్తే సుమారు 350 గ్రాములు పాత్రలోనే మిగులుతాయి. బోరు నీటిలో లవణాలు అంతకన్నా చాలా తక్కువే అయినా, కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు వేడికి విడిపోయి కాల్షియం కార్బొనేటుగా పాత్ర గోడలకు పేరుకుంటుంది. టీ కాచే గిన్నెల అడుగున కనిపించే తెల్లని పొలుసు అదే. అది వేడిని సరిగా పోనివ్వదు. మంట ఎక్కువ పెట్టవలసి వస్తుంది, అడుగు మాడుతుంది, హీటరు కాలిపోతుంది. నీరు ఎగిరెగిరి మరిగినప్పుడు ఉప్పు తుంపరలు ఆవిరితోపాటు గొట్టంలోకి చేరి, శుద్ధజలం అనుకున్నది మళ్లీ ఉప్పుదవుతుంది.

వాడేటప్పుడు

1. పాత్రను పూర్తిగా ఎండనివ్వరాదు. మూడో వంతు నీరు మిగలగానే మంట ఆపి, చల్లారాక ఆ నీటిని పారబోయాలి. అలా పారబోస్తే సగం శుభ్రత అయినట్టే.

2. మరిగించేముందే నాలుగైదు పింగాణీ ముక్కలు వేయాలి. మరుగుతున్న నీటిలో వేస్తే ఒక్కసారిగా పొంగి మీద పడుతుంది. ప్రతిసారీ కొత్త ముక్కలే వాడాలి.

3. కండెన్సరులోకి చల్లని నీరు కింది నుంచి వెళ్లి పై నుంచి బయటకు రావాలి.

4. నీటిని పట్టే సీసాకు బిరడా బిగించరాదు. గాలి పోయే దారి లేకపోతే పరికరం పగిలిపోతుంది.

5. మొదట దిగిన కొద్దిపాటి నీటిని పారబోసి, ఆ తరువాతి దాన్నే పట్టుకోవాలి.

కడిగేటప్పుడు

పరికరం పూర్తిగా చల్లారాలి. లీటరు గోరువెచ్చని నీటిలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి పాత్రలో పోసి గంటసేపు ఉంచితే పొలుసు బుసబుసమని కరుగుతుంది. అప్పుడు వెలువడేది కార్బన్ డయాక్సైడు, కనుక మూత బిగించరాదు. తరువాత మంచినీటితో మూడుసార్లు, చివరగా స్వేదన జలంతో ఒకసారి తొలచాలి. గాజు గొట్టానికి మెత్తని కుంచె చాలు, ఇనుప పీచు గీతలు పెడుతుంది. స్టీలు పాత్రలకు బాత్రూములు కడిగే యాసిడ్ వాడితే లోహం తినేస్తుంది. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడరునూ ఎన్నడూ కలపరాదు, విషవాయువైన క్లోరిన్ పుడుతుంది. రబ్బరు గొట్టాలు వంచి చూసి, పగుళ్లుంటే మార్చాలి. అన్నీ ఆరబెట్టి, మూతులు శుభ్రమైన గుడ్డతో కప్పి దాచాలి.

అత్తరు తీసేవారికి ఈ సంగతి బాగా తెలుసు. మనకు దగ్గరలోని ఒడిశా గంజాం జిల్లాలో మొగలిపూలతో కేవడా అత్తరు, కన్నౌజ్‌లో గులాబీ అత్తరు రాగి డేగ్‌లలో తీస్తారు. పాత వాసన డేగ్‌లో మిగిలితే కొత్త అత్తరు చెడుతుంది. ఇటు మన విశాఖలో 1957లో మొదలైన చమురు శుద్ధి కర్మాగారంలోనూ ప్రధానమైన పని స్వేదనమే. అక్కడ ముడి చమురును కాచేముందే దానిలోని ఉప్పును నీటితో కడిగి తీసేస్తారు. లేకపోతే ఆ ఉప్పు నుంచి పుట్టే ఆమ్లం గొట్టాలను తినేస్తుంది. చిన్న గాజు కుప్పెకైనా, ఆకాశమంత స్తంభానికైనా సూత్రం ఒక్కటే.

ఎప్పుడు చేయాలి?

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. ఆ రోజుల్లో బోట్లకు మరమ్మతులు, రంగులు, వలల అల్లిక సాగుతాయి. బ్యాటరీల పరీక్షకూ అదే అదను. నీరు పోసేవారు కళ్లద్దాలు పెట్టుకోవాలి, దగ్గర బీడీ వెలిగించరాదు, పలకలు మునిగి ఉండేలా చూసుకుని గుర్తు వరకే పోయాలి. స్వేదన పరికరానికైతే ఏటా ఒకసారి చాలదు. వాడిన ప్రతిసారీ తొలచటం, పొలుసు కనిపించగానే నిమ్మ ఉప్పుతో కడగటం అలవాటు కావాలి. బడిలో ఏ జట్టు వాడితే ఆ జట్టే కడగాలి. కడగటం ఆయా పని అనుకునే పిల్లవాడికి స్వేదనం సగమే వచ్చినట్టు.

పిల్లలకు అభ్యాసం

1. రెండు శుభ్రమైన గాజు పలకల మీద ఒకదానిపై కుళాయి నీటి చుక్క, మరొకదానిపై స్వేదన జలపు చుక్క వేసి ఆరనివ్వండి. దేనిపై తెల్లని మచ్చ మిగిలింది? ఎందుకు?

2. ఉపాధ్యాయుల సమక్షంలో స్వేదన జలానికి సిల్వర్ నైట్రేట్ చుక్కలు కలపండి. తెల్లగా మారితే పరికరంలో ఏ లోపం ఉండవచ్చు?

3. మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని బోటుకు వెళ్లే పెద్దలను అడగండి: బ్యాటరీలో ఏ నీరు పోస్తున్నారు? వారు చెప్పింది రాసుకుని తరగతిలో చదవండి. కుళాయి నీరు అని చెబితే, ఈ పాఠం వారికి మీరే చెప్పండి.