ఒకే పాఠం, రెండు సూత్రాలా?

ప్రశ్న: ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. థర్మోడైనమిక్స్ ఫిజిక్స్‌లోనూ ఉంది, కెమిస్ట్రీలోనూ ఉంది. కానీ సూత్రంలో గుర్తులు వేరు. ఏది సరైనది?
– ఓ విద్యార్థిని, తెనాలి

జవాబు: రెండూ సరైనవేనమ్మా. వాయువు చేసే పనిని ఫిజిక్స్ ప్లస్‌గా తీసుకుంటుంది. వాయువు మీద జరిగే పనిని కెమిస్ట్రీ ప్లస్‌గా తీసుకుంటుంది. వాయువు 100 జౌళ్ల వేడి తీసుకుని 40 జౌళ్ల పని చేసిందనుకో. ఫిజిక్స్‌లో 100 − 40. కెమిస్ట్రీలో 100 + (−40). రెండింటిలోనూ అంతర్గత శక్తి పెరిగేది 60 జౌళ్లే.

గుర్తులు ఎందుకు వేరంటే, ఇంజన్ ఎంత పని చేస్తుందన్నది ఫిజిక్స్ ప్రశ్న. పదార్థం మారేటప్పుడు వేడి ఎంత వెలువడుతుందన్నది ఫిజికల్ కెమిస్ట్రీ ప్రశ్న.

లెక్క మొదలుపెట్టే ముందు పని ఎవరు చేశారో రాసుకో. రెండు సూత్రాలూ ఒకే పేజీలో పక్కపక్కన ఉంచుకో. అయినా జవాబు తేడా వస్తుంటే, చేసిన లెక్క తీసుకెళ్లి మీ లెక్చరర్‌కు చూపించు.