చిన్న పగడాల తొట్టెలో ఏ చేపలు?

ప్రశ్న: మా 80 లీటర్ల ఉప్పునీటి అక్వేరియంలో పగడాలు పెంచుతున్నాం. అందులో క్లౌన్ ఫిష్, బ్లూ టాంగ్ కలిపి వేయవచ్చా?

జవాబు: క్లౌన్ ఫిష్ వేయండి, బ్లూ టాంగ్ వద్దు. కొనేనాటి సైజు కాదు, చేప పెరిగాక ఎంతవుతుంది, తొట్టెలో ఏ చోటును తనదనుకుంటుంది అన్నవే చూడాలి. ‘ఫైండింగ్ నెమో’ సినిమా పుణ్యమా అని ఈ రెండింటినీ కలిపి అడుగుతారు గానీ, బ్లూ టాంగ్ సుమారు 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రోజంతా ఈదుతూనే ఉంటుంది. ‘పిల్లగా ఉన్నన్నాళ్లూ ఉంచి, తర్వాత మార్చేద్దాం’ అంటారేమో. రాళ్ల సందుల్లో దాక్కునే చేపను పట్టాలంటే పగడాలన్నీ కదపాలి. పైగా ఇరుకులో బెదిరిన టాంగ్‌కు తెల్లమచ్చల జబ్బు తేలిగ్గా సోకుతుంది.

క్లౌన్ ఫిష్ అన్నీ మొదట మగవే. గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది. అందుకే ఒకే జాతివి, ఒకటి కాస్త పెద్దదిగా, రెండు పిల్లలను తెస్తే జంట కుదురుతుంది. మూడోది తన్నులు తింటుంది. వాటికి తోడుగా ఇసుకలో బొరియ చేసుకుని ఉండే వాచ్‌మన్ గోబీ ఒకటి చాలు. పై నీళ్ల కోసం అది పోటీపడదు. మూడు చేపలతో తొట్టె బోసిగా ఉంటుందనిపించవచ్చు. కానీ చేపలు పెరిగితే మేత, దాంతో నైట్రేట్ పెరిగి, దెబ్బ పగడాలకే. చవక కదా అని డామ్సెల్ చేపలు తేకండి, అవి పోట్లాటకోరువి. గోబీని ముందు వేసి, కొన్ని వారాల తర్వాత క్లౌన్ ఫిష్‌ను వదలండి. గోబీలు బయటికి గెంతుతాయి, మూత తప్పనిసరి.